ఆడబిడ్డ చేతి విత్తనం

“ఇంత మంచిగ మాట్లాడేటోడు ఊకెనే మాట్లాడడు. ఏదో ఒకటి అడుగుతడు, చూస్తుండు,” అన్నాను నేను.

విక్రమ్ సారు జీపు చప్పుడు తండా మలుపు దగ్గర ఇంకా వినబడుతూనే ఉంది. ఆయన తాగిన చాయ గ్లాసు అరుగు మీదనే ఉంది. నా మొగుడు మాన్‌సింగ్ ఆ గ్లాసు పక్కకు జరిపి కూర్చుని నవ్వాడు.

“నీకు కుక్క మొరిగినా భయమే, తోక ఊపినా భయమే.”

నిజమే, నాది భయంతో పుట్టిన పుట్టుక. మబ్బు పడితే పిడుగు మా ఇంటి మీదే పడుతుందనుకుంటాను. బిడ్డ ఫోన్ ఎత్తకపోతే బస్సు బోల్తా పడిందనుకుంటాను. ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి పేపరు చదవడం వచ్చు. పేపరు తెరిస్తే నాకు ముందు చావు వార్తలే కనబడతాయి. కానీ ఆ రోజు విక్రమ్ సారు వచ్చింది చెడ్డ కబురుతో కాదు. నా బిడ్డ కల్యాణి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మాట చెప్పడానికి వచ్చాడు.

“అవ్వా, భూపాలపల్లిల కొత్త షాపు తీస్తున్న. కల్యాణిదే ఆ షాపు. జీతం కాదు, వాటా ఇస్త. ఇన్నేండ్లు నా కంపెనీకి కాళ్లూ చేతులూ తనే అయింది. ఇగ నేను తనకు చేసేదుంటది కద,” అన్నాడు.

కల్యాణి దర్వాజ పట్టుకుని నిలబడి, నేల చూపులు చూస్తూ, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది. చిన్నప్పుడు బడిలో పలక గెలుచుకొచ్చిన రోజు కూడా అలాగే నిలబడింది.

జనగామలో ఒక్క షటరు గదిలో మొదలైంది ఆ విత్తనాల కంపెనీ. ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలోనే కల్యాణి అందులో చేరింది. ఊడ్చింది, గింజలు జల్లెడ పట్టింది, సంచులకు సీలు వేసింది. సీలు మిషన్ వేడికి వేళ్ల కొసలు కాలి కాలి నున్నగా అయిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే, ఈ మనిషెవరో తెలియదంటుంది అది. తర్వాత సారు స్కూటీ ఇచ్చాడు. రఘునాథపల్లి, చిల్పూర్ దిక్కు ఊళ్లన్నీ తిరిగి, పొలం గట్ల మీద కూర్చుని, ఎవరికీ తెలియని ఆ కంపెనీ పేరును రైతుల నోళ్లకు అలవాటు చేసింది. కరోనా ఏడాది పనివాళ్లందరూ ఇళ్లకు పోతే తను గోదాములోనే వండుకు తిని కంపెనీని కాపాడింది. ఆమె ఈడు వాళ్లు చంకలో పిల్లలతో పుట్టింటికి వస్తుంటే నా బిడ్డ ఆదివారం ఆదివారం తొర్రూరులో బస్సు దిగి, సంచీ నిండా విత్తనాల నమూనాలతో వచ్చేది.

లగ్గం సంగతి ఎత్తితే ఒకటే జవాబు. “ఇంకొన్ని దినాలు ఆగు యాడీ. కంపెనీ నిలబడ్డది. సారు మర్చిపోడు.”

మా ఇళ్లల్లో అమ్మను యాడి అంటాం. ఆ మాటతో పిలిచి అడిగితే నేను దేనికీ కాదనలేను.

నేనన్నట్టే సారు అడిగాడు. ఆ వారంలోనే ఫోన్ చేశాడు. కానీ ఆయన అడిగింది ఎంత చిన్న సంగతంటే, అనుమానపడ్డందుకు నాకే సిగ్గేసింది.

“కొత్త మిర్చి రకం వచ్చిందవ్వా. బయట ఎవరికీ ఇయ్యలే. ముందుగాల మన తండకే ఇద్దామనుకుంటున్న. తీజ్ పండుగ నాడు అందరు ఒక్క కాడ ఉంటరు కద. కల్యాణి చేతుల మీదుగ ఇప్పిస్త. నువ్వు జర లింగ్యా నాయక్‌కు చెప్పి పెట్టు.”

“గంతేనా సారూ?”

“గంతే అవ్వా.”

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. వాన పడుతోంది. ఇంటి మీద రేకులు మోగుతున్నాయి. నా జన్మలో మొదటిసారి ఆ చప్పుడుకు నాకు ఏ చెడ్డ ఆలోచనా రాలేదు.

తీజ్ మొదలైన రోజు తండా పెద్ద లింగ్యా నాయక్ ఇంటి ముందు మంచె కట్టారు. ఆడపిల్లలు పుట్టమన్నూ మేక ఎరువూ కలిపి బుట్టల్లో నింపి, నానిన గోధుమలు చల్లి, పాటలు పాడుతూ నీళ్లు పోస్తున్నారు. పెళ్లి కాని పిల్లలే ఆ బుట్ట ఎత్తాలి. వాళ్లందరిలో పెద్దది నా బిడ్డే. తన భుజం దాకా కూడా రాని పిల్లల నడుమ, తలకు నీళ్లబిందె ఎత్తుకుని నిలబడింది.

మా పక్కింటి రుక్కికి నోరు ఆగదు. “ఏమే కళావతీ, నీ బిడ్డ ఈ ఏడు సుత బుట్ట ఎత్తుతున్నది? కంపెనీనే లగ్గం చేసుకున్నదా ఏంది?”

“కంపెనీ ఈ ఏడు కట్నం ఇస్తున్నది అత్తా. భూపాలపల్లిల షాపు,” అంది కల్యాణి బిందె దించకుండానే. ఆడవాళ్లంతా నవ్వారు. రుక్కి కూడా నవ్వి, కల్యాణి బుగ్గ గిల్లి, “గట్లయితె మాకు మిఠాయి ఏదే?” అంది.

అప్పుడే విక్రమ్ సారు జీపు వచ్చింది. వెనక సీటు నిండా విత్తన సంచులు. సంచి మీద ఎర్రటి మిరపకాయ, దాని పక్కన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న రైతు బొమ్మ. సారు చెప్పులు విడిచి మంచె దగ్గరికి వచ్చి దండం పెట్టాడు. మగవాళ్లు చుట్టూ చేరారు. ఆయన ఎక్కువేమీ మాట్లాడలేదు.

“ఇది మీ బిడ్డ కష్టంతోని లేచిన కంపెనీ. మొదటి గింజ మీ చేన్ల పడాలె. ఇప్పుడు పైసలు ఎవ్వరూ ఇయ్యొద్దు. పంట ఇంటికొచ్చినంక చూసుకుందం.”

కల్యాణి చేతులు తుడుచుకుని సంచీలోంచి బిల్లుల పుస్తకం తీసింది. “సార్, బిల్లులు రాస్త. అన్ని ఊర్లల్ల రాస్తం కద.”

“నడుమ నువ్వున్నంక బిల్లులెందుకు కల్యాణీ,” అన్నాడు సారు.

లింగ్యా నాయక్ దానికి ఇంకా గట్టిగా నవ్వాడు. “ఏందే బిడ్డా, మాకూ నీకూ నడుమ కాయితమా? నీ బొడ్డు కోసింది మా అవ్వ.”

మా తండాలో ఒక పద్ధతి ఉంది. ఇంటి ఆడబిడ్డ చేతితో ఇచ్చిన గింజను తూకం వెయ్యరు, రసీదు అడగరు, మంచిదేనా అని నోట్లో వేసుకుని కొరికి చూడరు. అలా చేస్తే బిడ్డను అనుమానించినట్టే. కల్యాణి పుస్తకం మళ్లీ సంచీలో పెట్టుకుంది. ఒక్కొక్క ఇంటి మనిషి వచ్చి ఒళ్లో తువ్వాల పరిచాడు. ఆమె రెండు చేతులతో సంచి అందులో పెట్టింది. రుక్కి తన కొంగు పరిచింది. నా మొగుడు కూడా అందరిలాగే వంగి తీసుకున్నాడు. కూతురి చేతి నుంచి తీసుకుంటుంటే ఆయన కళ్లు తడిశాయి. నాకూ అంతే.

ఆ ఏడు తీజ్ బుట్టల్లో మొలకలు జానెడు పెరిగి, చివర్లు వంగాయి. మంచి సూచన అన్నారు అందరూ.

మిరప కూడా అట్లాగే పెరిగింది. నారు పోస్తే ఒక్క గింజ కూడా వమ్ము కాలేదు. నాటిన తర్వాత వానలు కూడా పొందికగా పడ్డాయి. బతుకమ్మ పండుగ నాటికి చెట్లు నడుము దాటాయి, దీపావళికి రొమ్ము ఎత్తు వచ్చాయి. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. పక్క ఊరి వాళ్లు గట్టు మీద ఆగి చూసి పోయేవారు. రుక్కి అయితే, “మా చేన్ల నేను నిలబడితె నా మొగనికి నేను కనబడ్తలేను, వానికి సంబురంగ ఉన్నది,” అని ఊరంతా నవ్వించింది.

ఆ పచ్చదనం చూసి నేను కూడా భయపడలేదు. నాలాంటి దానికి అది ఎంత వింతో ఎవరికీ చెప్పలేను. బిడ్డ భూపాలపల్లి పోతే వంటకు కావాలని రెండు గిన్నెలు కూడా కొని దాచాను.

పూత వచ్చింది. రాలింది. మళ్లీ వచ్చింది. మళ్లీ రాలింది. పొద్దున చేనుకు పోతే చెట్ల కింద బియ్యం పోసినట్టు తెల్లగా పరుచుకుని ఉండేది. మిగతా ఊళ్లల్లో పచ్చికాయ తెంపుతున్నారు. మా చేన్లల్లో చెట్టును ఎంత వంచి చూసినా ఆకే.

ఆదివారం వచ్చిన కల్యాణి బట్టలు మార్చుకోకుండానే చేనులోకి పోయింది. ఒక్కొక్క కొమ్మ ఎత్తి చూసింది. సారుకు ఫోన్ చేసింది. చలికి రాలుతోందని, మందు పంపిస్తానని ఆయన అన్నాడట. మందు వచ్చింది, కొట్టాం. పూత రాలడం మాత్రం ఆగలేదు.

“ఒక్క మన చేనుకేనా చలి?” అన్నాడు మాన్‌సింగ్.

కార్తీకం చివర్లో భూపాలపల్లి షాపు చూసుకోవడానికి కల్యాణి బయలుదేరింది. ఒక్కదాన్ని పంపడానికి మనసొప్పక నేనూ వెంట పోయాను. తొర్రూరు నుంచి వరంగల్, అక్కడి నుంచి పరకాల మీదుగా బస్సు. కిటికీ పక్కన కూర్చున్నా వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ పోయాను.

బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఉంది షాపు. తాళం చెవి సారు ముందే కల్యాణికి ఇచ్చాడు. షటరు ఎత్తితే లోపల కొత్త రంగు వాసన. బల్ల వెనక తిరిగే కుర్చీ, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

“కూసో,” అన్నాను.

“ఎందుకు యాడీ, ఇంకా తెరవనే లేదు.”

“కూసో బిడ్డా. నేను చూడాలె.”

కూర్చుంది. ప్లాస్టిక్ కరకరలాడింది. నేను దాని చేతి మీద చెయ్యి వేసి నిమిరాను. ఇన్నేళ్ల బస్సు ప్రయాణాలు, కాలిన వేళ్లు, తిరస్కరించిన సంబంధాలు అన్నీ ఈ కుర్చీలో వచ్చి కూర్చున్నాయనిపించింది. మా వంశంలో ఇటువంటి కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరూ లేరు. దిష్టి తగులుతుందని పైకి అనలేదు.

షటరు ఎత్తింది చూసి ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. తలకు తువ్వాల, చేతిలో ఎరువుల సంచి. పేరు యాకయ్య అన్నాడు, దగ్గర్లోని ఊరే. షాపు ఎప్పుడు తెరుస్తారు, ఏమేం అమ్ముతారు అని అడుగుతూ బల్ల మీద నమూనాకు పెట్టిన సంచి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. మా తండాకు ఇచ్చిన రకమే అది. తిప్పి చూశాడు. వేలితో ఆ నవ్వుతున్న రైతు బొమ్మను తట్టాడు.

“వీడు మళ్ల వచ్చిండా?” అన్నాడు.

“ఎవరు పెద్దాయనా?” అంది కల్యాణి.

“గీ పండ్లోడు. పోయినేడు గిదే బొమ్మ సంచి మాకిచ్చిన్రు. చెట్టు నా ఎత్తు లేచింది బిడ్డా, కాయ లేదు. లొల్లి చేస్తె తలా రెండు బస్తాల ఎరువు చేతుల పెట్టి ఊకోమన్నరు. ఇప్పుడు రకం పేరు మార్చిన్రు. బొమ్మను మార్చుడు మర్చిపోయిన్రు.” నవ్వి, సంచి ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టాడు. “గిది మాత్రం అమ్మకు. నిన్ను చూస్తె మంచి పిల్ల లెక్కున్నవ్.”

ఆయన పోయాక కల్యాణి కుర్చీలోంచి లేచింది. బయటికి పోయి ఫోన్ చేసింది. లారీల చప్పుడులో నాకు ఆమె మాటలే అక్కడక్కడా వినబడ్డాయి.

“పోయినేడు ఈడ ఇచ్చిన్రా సార్?... తెలిసే ఇచ్చిన్రా?... మరి మా తండకే ఎందుకు సార్?”

ఆ తర్వాత వింటూనే ఉంది. తిరిగి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోలేదు. గడప మీద కూర్చుంది, చెప్పుల మీద పడ్డ బొగ్గు దుమ్ము చూసుకుంటూ. కొంతసేపటికి షటరు దించింది.

పరకాల దాటేదాకా నేను ఆగాను. ఇక ఉండబట్టలేక అడిగాను. “ఏమన్నడే?”

“మన తండకు నా మీద ఇష్టంతోని ఇయ్యలేదు యాడీ,” అంది. “మిగిలిపోయిన సరుకు వదిలించుకోవాలె, నన్ను చూసి ఇచ్చిండు. నేను నడుమ ఉంటె ఎవ్వరూ అడగరని.”

అదే ఆఖరు మాట. ఆ బస్సులో మొదలైన మౌనం ఇంటికొచ్చినా విడవలేదు. జనగామ పోలేదు. ఫోన్ మోగితే తీయలేదు. తింటే తింది, లేకపోతే లేదు. పక్షవాతం వచ్చిందేమో, గాలి సోకిందేమో, ఏమైనా చేసుకుంటుందేమో అని నేను చేదబావి దాకా వెనకాలే పోయేదాన్ని. తాళం చెవిని ఎక్కడ విసిరేస్తుందోనని తీసి నా కొంగుకు ముడి వేసుకున్నాను.

ఒక పొద్దున తలుపు తీసేసరికి మా గోడకు ఒక మిరప చెట్టు ఆనించి ఉంది. వేళ్లతో సహా పీకింది. నా ఎత్తు ఉంది. ఆకు ఇంకా వాడలేదు. ఒక్క కాయ లేదు. రుక్కి అప్పుడే తన ఇంటి ముందు చీపురు పట్టుకుని నిలబడి ఉంది. తిట్టలేదు. అది తిట్టి ఉంటే బాగుండేది. నన్ను చూసి, ఊడ్చుకుంటూ లోపలికి పోయింది. ఆ తర్వాత రోజుకొక చెట్టు వచ్చి చేరింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆడబిడ్డను అనకూడదు కదా. గోడంతా పచ్చగా నిండిపోయింది.

“ఇవి తీసి పశువులకు ఎయ్యి,” అన్నాను మాన్‌సింగ్‌తో.

“మన చేన్ల చెట్లు ఎవరి గోడకు పెట్టాలె?” అన్నాడు ఆయన.

లింగ్యా నాయక్ చివరికి తొర్రూరు పోయి వ్యవసాయ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. కంపెనీ పేరు రాయించాడు గానీ కల్యాణి పేరు రాయించలేదట. అక్కడి మేడం వచ్చి చేన్లు చూస్తానందని, మర్నాడు పొద్దున అందరూ ఉండాలని మా ఇంటి ముందు నిలబడి, లోపలికి రాకుండానే చెప్పి పోయాడు.

ఆ పొద్దున మేడం కంటే ముందు విక్రమ్ సారు వచ్చాడు. ఈసారి జీపు కాదు, కారు. గోడకు ఆనించిన చెట్లను చూసీ చూడనట్టు దాటి, ఎప్పుడూ కూర్చునే చోటే అరుగు మీద కూర్చున్నాడు. చేతులు ఊరుకోక నేను చాయ పెట్టి ఇచ్చాను. అలవాటు అంత పాడుది.

“అవ్వా, నేను ఇట్ల అయితదనుకోలే. చెడ్డ టైమ్,” అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. “ఇప్పుడు కంపెనీ మీద కేసు పడ్తె లైసెన్సు పోతది. జనగామల నలభై ఇండ్లు ఆ పని మీద బతుకుతున్నయ్. కల్యాణి కట్టిన కంపెనీ, కల్యాణి కండ్ల ముంగటనే కూలిపోతది.”

“మరి ఏం చెయ్యాలె సారూ?”

“ఒక్కటే మాట. ఈ సంచులు కంపెనీవి కావు, సంతల చవుకగ దొరికితె నేనే తెచ్చి ఇచ్చిన అని కల్యాణి అనాలె. మీ తండోళ్లు ఇంటి ఆడబిడ్డ మీద కేసు ఏస్తరా? ఎయ్యరు. నా మీదనైతె ఏస్తరు. పది దినాలు అలుగుతరు, మళ్ల కలుస్తరు. షాపు ఎట్లనూ మీదే. తాళం మీ కాడనే ఉన్నది కద.”

నా చెయ్యి నాకు తెలియకుండానే కొంగు ముడి మీదికి పోయింది. ఆయన చెప్పింది అంత సులువుగా ఉంది. ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరూ జైలుకు పోరు. లోపల చీకట్లో, పొయ్యి పక్కన కల్యాణి కూర్చుని ఉంది. ప్రతి మాటా విన్నది. నేను తల తిప్పి చూశాను. ఆమె అవుననలేదు, కాదనలేదు.

సారు ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. గ్లాసు అరుగు మీద పెట్టి లేచాడు.

ఆయన పోయాక పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాను. “బిడ్డా, లోకం పెద్దది, మనం చిన్నోళ్లం. ఆయనకు వకీళ్లున్నరు, కారున్నది. నువ్వు అబద్ధం ఆడొద్దు, నిజం సుత చెప్పొద్దు. ఊకె నిలబడు. అడిగితె తల వంచుకో. నీ కష్టం అంత బుగ్గిపాలు చేసుకోకు.”

కల్యాణి నా కొంగు ముడి వైపు చూసింది. లేచి, ముఖం కడుక్కుని, జుట్టు ముడుచుకుంది.

రుక్కి చేనులో చేరాం అందరం. అన్నిటికంటే ఎత్తుగా పెరిగింది ఆ చేనే. మేడం చిన్న వయసు మనిషి, టోపీ పెట్టుకుంది. చెట్ల మధ్యకు పోతే ఆ టోపీ ఒక్కటే కనబడింది. కొమ్మలు విరిచి చూసింది, ఫోటోలు తీసింది, చెమట తుడుచుకుంటూ గట్టు మీదికి వచ్చింది.

“బిల్లులు తీసుకురండి,” అంది.

ఎవరూ కదల్లేదు.

“ఒక్కరి దగ్గరైనా ఉండాలి కదా. ఇంతమంది కొన్నారు.”

లింగ్యా నాయక్ తలపాగా సర్దుకున్నాడు. “కొనలే మేడం. తీసుకున్నం. తీజ్ నాడు. ఇంటి ఆడబిడ్డ ఇస్తె కాయితం ఎవడు అడుగుతడు?”

మేడం కలం ఆపింది. విక్రమ్ సారు ముందుకు వచ్చాడు. తీజ్ నాడు చెప్పులు విడిచి మంచెకు మొక్కిన మనిషే. ఆ రోజు ఏ గొంతుతో మాట్లాడాడో ఇప్పుడూ అదే గొంతు.

“మేడం, మా కంపెనీ ఈ తండకు ఒక్క సంచి సుత అమ్మలే. కావాలంటె మా రికార్డులు చూసుకోండి. ఈ అమ్మాయి మా కాడ పనిచేసేది. బయట ఎక్కడనో తెచ్చి పంచినట్టుంది. పాపం, తెలియక చేసింది. తననే అడగండి.”

ఈ అమ్మాయి. మా ఇంట్లో జొన్నరొట్టె తింటూ మా కల్యాణి, మన కల్యాణి అని పిలిచిన నోరు అది. రేకుల మీద వాన పడిన రోజు నాకు రాకుండా పోయిన భయమంతా ఒక్కసారే వచ్చి మీద పడింది. పక్కనే ఉన్న బిడ్డ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

“నువ్వేనా కల్యాణి?” అంది మేడం. “ఈ విత్తనం ఎక్కడిది?”

తండా అంతా ఆమె వైపు తిరిగింది. రుక్కి, లింగ్యా నాయక్, తువ్వాల పరిచి తీసుకున్న ప్రతి మనిషీ. అప్పుడు అర్థమైంది నాకు. ఆమె సంత నుంచి తెచ్చానంటే వీళ్లు నిజంగానే ఊరుకుంటారు. ఇంటికి పోతారు, అప్పో సప్పో చేసుకుంటారు, తీజ్ వస్తే మళ్లీ పిలుస్తారు. సారు లెక్క తప్పు కాదు. మా వాళ్లను ఆయన మాకంటే బాగా చదివాడు. చదువుకోవడానికి కావాల్సినన్ని ఏళ్లు మా అరుగు మీదనే కూర్చున్నాడు.

గాలి వీచింది. చేను నిండా ఆకులు గలగలలాడాయి. పూత రాలి మేడం టోపీ మీద పడింది.

“చెప్పు కల్యాణీ, భయపడకు. తప్పయితె సరిచేసుకుందం,” అన్నాడు సారు, ఎంతో దయగా. అని నా కొంగు వైపు చూశాడు.

ముడి విప్పడానికి రెండు చేతులూ కావాలి. బిడ్డ మణికట్టు వదిలాను. ముడి గట్టిపడిపోయింది, పంటితో లాగితే గానీ రాలేదు. అందరూ చూస్తుండగా తాళం చెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. కల్యాణి మాత్రం ఆ తాళం చెవి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. రుక్కిని చూస్తోంది. మేడం ఇంకోసారి అడగకుండా, కలం పట్టుకుని కాచుకుని ఉంది.

భూపాలపల్లి బస్సులో మూతపడ్డ నోరు అది. తెరుచుకున్నప్పుడు గొంతు బొంగురుగా వచ్చింది, ఇంకెవరిదో అన్నట్టు.

“నేనే ఇచ్చిన మేడం,” అంది నా బిడ్డ. “ఆయన జీపుల తెచ్చిండు. నేను వీళ్ల ఒళ్లె పెట్టిన. రెండు పేర్లూ రాసుకోండి.”